కాటీడిడ్‌లలో ఏది ఏ జాతి? కడుపు చివర చూడండి

ప్రశ్న: నా దగ్గర రెండు మగ కాటీడిడ్‌లున్నాయి, అంటే మిడతల్లా ఉండి పొడవాటి మీసాలున్న పురుగులు. రంగు, సైజు, రెక్కలు అన్నీ ఒకేలా ఉన్నాయి. వేరువేరు జాతులో కాదో తేల్చాలంటే మొదట ఏ భాగం చూడాలి?

జవాబు: తల వైపు నుంచి కాదు, వెనక నుంచి మొదలుపెట్టండి. కడుపు చివర రెండు పక్కలా కొక్కేల్లాంటి జంట ఉంటుంది. వాటిని సెర్సి అంటారు. జత కట్టేటప్పుడు మగది ఆడదాన్ని పట్టుకునేది వాటితోనే. అందుకే ఎంత దగ్గర చుట్టాలైన జాతులకైనా ఈ కొక్కేల ఆకారం చాలాసార్లు వేరుగా ఉంటుంది. పది రెట్లు పెంచి చూపే చేతి భూతద్దం చాలు. కొక్కెం లోపలి వైపు పన్ను ఉందా, ఉంటే మొదట్లోనా, మధ్యలోనా, కొన దగ్గరా, కొన మొద్దుగా ఉందా, సూదిలా ఉందా అన్నవి రాసుకోండి. నేరుగా పైనుంచే చూడాలి. కాస్త పక్కకు వంగినా పన్ను కొక్కెం వెనక దాగిపోతుంది, లేదనుకుని పొరబడతాం. గుర్తింపులో జరిగే తప్పుల్లో ఇది పెద్దది.

కొన్ని ప్రజాతుల్లో (ప్రజాతి అంటే దగ్గర చుట్టాలైన జాతుల గుంపు) సెర్సి కంటే పై పలక ఎక్కువ పనికొస్తుంది. ఉత్తర అమెరికాలోని స్కడ్డేరియా మగవాటిలో కడుపు ఆఖరి పై పలక వెనక్కి పొడుచుకొచ్చి పంగలా చీలి ఉంటుంది. ఆ చీలిక ఎంత లోతు, రెండు కొమ్మలూ సన్నమా లావా అన్నదాన్నిబట్టే అక్కడి జాతుల్ని విడదీస్తారు.

అన్నిటికీ తోక దాకా పోనక్కర్లేదు. అదే ఖండంలోని మైక్రోసెంట్రమ్ రాంబిఫోలియంకి మెడ మీది కవచం, అంటే ప్రోనోటం, ముందు అంచున సరిగ్గా మధ్యలో చిన్న పన్ను ఉంటుంది. మైక్రోసెంట్రమ్ రెటినర్వెకి ఆ అంచు నున్నగా ఉంటుంది. ఆకుల్లాంటి రెక్కలు చూస్తూ గంట గడిపినా తేలనిది ఆ ఒక్క పన్నుతో తేలుతుంది.

ప్రశ్న: ఆడవాటికి ఆ కొక్కేలు పనికిరావు కదా. వాటి సంగతేమిటి?

జవాబు: ఆడవాటికి గుడ్లు పెట్టే గొట్టం, ఓవిపోజిటర్, ఆధారం. దాని పొడవు ఎంత, నిటారుగా ఉందా, కొడవలిలా పైకి వంగిందా, అంచున రంపపు పళ్ళున్నాయా అన్నవి చూడండి. యూరప్‌లో కోనోసెఫాలస్ ఫస్కస్‌కి అది దాదాపు నిటారుగా ఉంటుంది, కోనోసెఫాలస్ డోర్సాలిస్‌కి స్పష్టంగా పైకి వంగి ఉంటుంది.

పొడవుని రెక్కలతో పోల్చి చూడడం కూడా మంచిదే. అక్కడే ఉండే పెద్ద ఆకుపచ్చ టెట్టిగోనియా ప్రజాతిలో విరిడిస్సిమా, కాంటాన్స్, కాడాటా అని మూడు జాతుల్ని చూడండి. విరిడిస్సిమా రెక్కలు వెనక మోకాళ్ళను బాగా దాటి, ఓవిపోజిటర్ కొన దాకానో ఇంకా అవతలికో వెళ్తాయి. కాంటాన్స్ రెక్కలు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి, ఓవిపోజిటర్ బయటికి పొడుచుకొస్తుంది. కాడాటాకీ ఓవిపోజిటర్ రెక్కల్ని దాటుతుంది. అయితే దాని వెనక తొడ అడుగున ఉన్న ముళ్ళ మొదళ్ళు నల్లగా ఉంటాయి. కాలు పక్కకు తిప్పి ఆ నల్ల చుక్కలు చూస్తే అనుమానం ఉండదు.

ప్రశ్న: పొట్టి రెక్కల జాతి అని పుస్తకంలో ఉంది. నాకు దొరికినదానికి రెక్కలు పొడుగు. మిగతా అన్నీ సరిపోయాయి. ఏమనుకోవాలి?

జవాబు: రెక్కల పొడవుని నమ్మకండి, మిగతావాటిని నమ్మండి. పైన చెప్పిన డోర్సాలిస్ మామూలుగా పొట్టి రెక్కలదే, కానీ వాటిలోనూ పొడుగు రెక్కలవి అప్పుడప్పుడు పుడతాయి. రోసెలియానా రోసెలీ అనే జాతిలోనూ అంతే. పిల్ల దశలో ఒకే చోట కిక్కిరిసి పెరగడం దీనికి ఒక కారణం.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకొకటి ఉంది. పిల్ల పురుగుని చూసి పొట్టి రెక్కల పెద్ద పురుగు అనుకోవడం. ఆఖరి రెండు పిల్ల దశల్లో రెక్కల మొగ్గలు తలకిందులుగా ఉంటాయి, వెనక రెక్క మొగ్గ ముందు రెక్క మొగ్గ మీద కప్పి ఉంటుంది. పెద్దదానిలో ముందు రెక్కే పైన. పైనున్నది వెనక రెక్క అయితే అది పిల్ల. దాని సెర్సి, ఓవిపోజిటర్ ఇంకా పూర్తి రూపానికి రాలేదు కాబట్టి జాతి చెప్పే ప్రయత్నం చేయకపోవడమే మేలు.

ప్రశ్న: గోధుమరంగుది, ఆకుపచ్చది వేరు జాతులేనా?

జవాబు: రంగు ఒక్కటే చూసి అలా అనలేం. నియోకోనోసెఫాలస్ జాతుల్లో ఒకే జాతిలో రెండు రంగులూ ఉంటాయి. వాటిలో తల ముందు శంకువు పొడవు, దాని అడుగున నల్ల గుర్తు ఎంత మేర పరచుకుందన్నది చూడాలి. ఆల్కహాల్‌లో వేసినా, ఎండబెట్టినా పచ్చరంగు పోతుంది. అందుకే రంగు బతికుండగానే ఫొటో తీసి ఉంచండి.

ప్రశ్న: కొలతలు ప్రతిసారీ వేరుగా వస్తున్నాయి. ఎక్కడ తప్పు?

జవాబు: బహుశా ఒంటి పొడవు కొలుస్తున్నారు. కడుపు మెత్తన, గుడ్లతో ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. గట్టి భాగాలు కొలవండి. ప్రోనోటం మధ్య గీత వెంట, వెనక తొడ, ఓవిపోజిటర్, ముందు రెక్క. 0.1 మిల్లీమీటరు చూపే కాలిపర్ వాడండి. ఒక్క పురుగుతో కాక, వీలైతే అయిదారింటిని కొలిచి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి. తొడ పొడవుతో ఓవిపోజిటర్ పొడవుని భాగిస్తే వచ్చే నిష్పత్తి సైజు తేడాల వల్ల అంతగా మారదు, ఒక్కో కొలత కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

బతికున్నదాన్ని చూడాలంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, పారదర్శక పాలిథిన్ సంచిలో మెల్లగా చదును చేసి, పైనుంచి భూతద్దం పెట్టండి. ఒక వెనక కాలు పట్టుకుని ఎత్తకండి. అది కాలు వదిలేసి పారిపోతుంది, పెద్ద పురుగుకి ఆ కాలు మళ్ళీ రాదు. పెద్దవి గట్టిగా కరుస్తాయి కూడా.

ప్రశ్న: ఫొటోలు పంపితే జాతి చెప్పగలరా?

జవాబు: పక్కనుంచి, పైనుంచి, ముఖం ముందునుంచి, కడుపు చివర పైనుంచి, కిందినుంచి, ఇలా అయిదు ఫొటోలు, పక్కన స్కేలు. ఒక్క పక్క ఫొటో మీద జాతి పేరు పెట్టడం చాలాసార్లు కుదరదు. ఇంకో మాట. కాటీడిడ్‌లలో ఎడమ ముందు రెక్క కుడిదాని మీద ఉంటుంది, పాట పలికించే రంపపు గీత ఎడమ రెక్క అడుగునే ఉంటుంది. ఫొటోలో కుడి రెక్క పైన కనిపిస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడిందేమో చూసుకోండి. మగది పాడుతుంటే రికార్డు చేసి, అప్పటి ఉష్ణోగ్రత కూడా రాసి పంపండి. వేడి పెరిగితే పాట వేగం పెరుగుతుంది, ఉష్ణోగ్రత తెలియకుండా ఆ వేగాన్ని పోల్చలేం. ఒంటి మీద గుర్తులేవీ తేల్చలేని జంట జాతుల్ని చివరకు విడదీసేది ఆ పాటే.