నలుగురి తంత్రీ బృందంలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తొమ్మిదేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది. మూడేళ్ల నుంచి ఆన్‌లైన్‌లో పాశ్చాత్య పద్ధతి కూడా నేర్చుకుని లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో ఐదో గ్రేడ్ పూర్తి చేసింది. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగ్‌లను (ఒకే స్వరవాక్యాన్ని ఒకరి తరువాత ఒకరు అందుకుంటూ అల్లే రచనలను) నలుగురు కలిసి వాయించే చిన్న బృందంలో పనిచేయడమే తన లక్ష్యమంటోంది. దీన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఎంచుకోవచ్చు. అయితే ఫ్యూగ్‌లు వాయించడం ఒక్కటే జీవనాధారం కాదని మొదటే తెలుసుకోండి. ఐరోపాలో సైతం ఇలాంటి బృందాల్లో వాయించేవారిలో చాలామందికి ఆర్కెస్ట్రాలోనో, బోధనలోనో మరో ఉపాధి ఉంటుంది.

అమ్మాయి కోరుకుంటున్న పని ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. బాఖ్ మరణించిన మరుసటి సంవత్సరం, 1751లో, అచ్చయిన ఆయన రచనల సంపుటి ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లో ఏ వాద్యం వాయించాలో రాసి లేదు, ఒక్కో గొంతుకు, అంటే విడిగా నడిచే ఒక్కో స్వరపంక్తికి, ఒక్కో వరుస మాత్రమే ఉంది కాబట్టి నలుగురు తంత్రీ కళాకారులు (ఇద్దరు వయొలిన్, ఒకరు దానికన్నా కాస్త పెద్దదైన వయోలా, ఒకరు మంద్రంగా పలికే చెల్లో) దాన్ని పంచుకోగలుగుతున్నారు. అందులో మొదటి ఫ్యూగ్‌ను ఒంటరిగా ఎత్తుకునేది రెండో వయొలిన్. నాలుగు బార్ల (రాసిన సంగీతంలో తాళాన్ని విభజించే సమాన భాగాల) తరువాత మొదటి వయొలిన్ అదే స్వరవాక్యాన్ని పంచమం మీద, ఒకటి రెండు స్వరాల మార్పుతో, జవాబుగా అందుకుంటుంది. తరువాత చెల్లో, చివరకు పదమూడో బార్‌లో వయోలా చేరతాయి. ఇక్కడ పక్కవాద్యం అంటూ ఎవరూ ఉండరు. స్వరవాక్యం తన చేతికి వచ్చినప్పుడు ముందుకు రావడం, అది పక్కవారి చేతికి వెళ్లగానే ధ్వని తగ్గించి దారి ఇవ్వడం నలుగురికీ సమానంగా తెలియాలి.

గాయకుని వెంట నడవడానికి తొమ్మిదేళ్లు అలవాటుపడిన చెవికి ఇది కొత్త పని. శ్రుతిశుద్ధి, జ్ఞాపకశక్తి ఆమెకు ఇప్పటికే ఉన్న బలాలు. గమకం లేకుండా స్వరాన్ని నిలపడం, రాసిన సంగీతాన్ని చూడగానే వాయించడం మాత్రం శ్రద్ధగా సాధించుకోవాలి. కూర్చుని వయొలిన్ తలను పాదం మీద ఆనించే పద్ధతికీ, గడ్డం కింద పట్టుకునే పద్ధతికీ ఎడమచేయి కదిలే తీరే వేరు. ఈ తేడాను ఆన్‌లైన్ పాఠాలతో సరిదిద్దుకోవడం కష్టమని నా అభిప్రాయం. నెలకు రెండుసార్లయినా గురువు ఎదుట కూర్చోవాలి.

నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది: ఇప్పటినుంచే వయోలా కూడా నేర్పించండి. వయొలిన్ కన్నా అయిదు స్వరాలు కిందికి శ్రుతి చేసే ఈ వాద్యానికి సాధారణంగా పోటీ తక్కువ. పైగా ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లో రెండో గొంతు కొన్నిచోట్ల వయొలిన్ చివరి తీగకన్నా కిందికి దిగుతుంది, అందువల్ల రెండో వయొలిన్ వాయించేవారు అక్కడ వయోలా అందుకునే బృందాలున్నాయి. రెండూ వచ్చిన మనిషిని ఏ బృందమైనా కోరుకుంటుంది.

చదువు విషయానికి వస్తే, చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ దగ్గరి మెట్టు. బరోక్ సంగీతమే (బాఖ్ కాలం నాటి ఐరోపా సంగీతమే) ప్రధానంగా కావాలనుకుంటే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 1933 నుంచి నడుస్తున్న స్కోలా కాంటోరమ్ వంటి సంస్థలున్నాయి. జంతువుల పేగులతో చేసిన గట్ తీగలు, పాతకాలపు కమాను, సెకనుకు 440కి బదులు 415 కంపనాల శ్రుతి అక్కడ నిత్య సాధనలో భాగం. జర్మనీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఫీజు చాలాచోట్ల నామమాత్రమే అయినా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన దేశం వంటి ఐరోపా సమాఖ్య బయటి దేశాల విద్యార్థుల వద్ద సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. జీవన వ్యయం వేరు. అన్నింటికన్నా ముందు వాయించి చూపే ప్రవేశపరీక్ష ఉంటుంది. దానికి ఐదో గ్రేడ్ చాలదు. ఎనిమిదో గ్రేడ్ దాటిన స్థాయి కావాలి కాబట్టి, కనీసం రెండేళ్లు కేటాయించండి.

ఈలోగా 1782లో మొజార్ట్ నాలుగు తంత్రీ వాద్యాలకు మలిచిన బాఖ్ ఫ్యూగ్‌లు అయిదింటిలో ఒకటి తీసుకుని, ఒక గొంతు వాయిస్తూ మరో గొంతు పాడే సాధన చేయించండి. నాలుగు గొంతులూ అలా వచ్చాక విశాఖలోనో, చెన్నైలోనో మరో ముగ్గురిని వెతికి, వారితో వారానికోసారి కలిసి వాయించే ఏర్పాటు చూడండి.