కాలా అజార్ తగ్గాక మొహం మీద మచ్చలు.. మళ్లీ 12 వారాల మందులా?

ప్రశ్న: మా అక్కకు 28 ఏళ్లు. రెండేళ్ల క్రితం కాలా అజార్ (ఇసుక ఈగ కుట్టడంతో వచ్చే పరాన్నజీవి జబ్బు) వస్తే ఒక్కరోజు సెలైన్‌లో మందు ఎక్కించారు, తగ్గిపోయింది. ఈమధ్య మొహం మీద, చేతుల మీద పాలిపోయిన మచ్చలు వచ్చాయి. నొప్పి, దురద లేవు. పరీక్షలు చేసి పాత జబ్బు తాలూకు మచ్చలేనన్నారు. మిల్టెఫోసిన్ క్యాప్సూల్స్ 12 వారాలు వాడమన్నారు. అప్పటిలాగే ఒక్క డోసుతో పోదా? పిల్లల కోసం కూడా ప్లాన్ చేసుకుంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చివర్లో రాసిన పిల్లల సంగతే ముందు మాట్లాడుకోవాలి. మిల్టెఫోసిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మొదటి క్యాప్సూల్ వేసుకునే ముందే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించండి. కోర్సు నడిచినన్నాళ్లూ, అయ్యాక మరో 5 నెలలూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, అందుకే అంత గడువు. గర్భనిరోధక మాత్రలు ఒక్కటే నమ్ముకోవద్దు. ఈ క్యాప్సూల్స్‌తో వాంతులు, విరేచనాలు ఎక్కువ. అలాంటప్పుడు ఆ మాత్ర ఒంటికి పట్టకపోవచ్చు. అన్నాళ్లు ఆగడం కుదరదనుకుంటే ఇప్పుడే డాక్టర్‌కు చెప్పండి. అప్పట్లో ఒక్కరోజు ఎక్కించిన మందునే, అంటే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బిని, విడతలవారీగా ఎక్కించే దారి కూడా ఉంది.

ఒక్క డోసు ఎందుకు చాలదంటే, అప్పట్లో పరాన్నజీవి ఎక్కువగా ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలో ఉంది. లైపోసోమల్ మందు బాగా చేరేది కాలేయానికి, ప్లీహానికే. చర్మానికి అంత మోతాదులో చేరదు. ఇప్పుడు జబ్బు దాక్కున్నది చర్మంలో. అసలు ఈ జబ్బులో అందరికీ, అన్నిచోట్లా పనిచేసే మందంటూ లేదు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే ఆ ఒక్క డోసు భారత ఉపఖండంలో నూటికి 95 మందికి నయం చేసింది. తూర్పు ఆఫ్రికాలో అదే డోసు సరిపోలేదు. అక్కడ రెండు రకాల ఇంజెక్షన్లు 17 రోజులు రోజూ పొడిపించుకోవాల్సి వచ్చేది.

పాతకాలపు యాంటిమొనీ ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెప్పినా అటు వెళ్లకండి. గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, పాంక్రియాస్ దెబ్బతినొచ్చు. బిహార్‌లో అయితే సగానికి పైగా రోగులకు అవి పనిచేయడమే మానేశాయి. మిల్టెఫోసిన్‌కూ ఆ భయం ఉంది. 2002లో భారత్‌లో అనుమతి వచ్చినప్పుడు నోటితో వేసుకునే మొదటి మందని ఎంతో ఆశపడ్డాం. పదేళ్లు తిరిగేసరికి జబ్బు తిరగబెట్టిన కేసులు పెరిగాయి. కాబట్టి, కాస్త బాగుంది కదా అని మధ్యలో మానేయొద్దు. అలాగని నొప్పి లేని మచ్చలే కదా అని వదిలేయడమూ తప్పే. దక్షిణాసియాలో ఈ మచ్చలు వాటంతటవే మానడం అరుదు. ఇసుక ఈగ ఆమెను కుట్టి ఇంకొకరిని కుడితే జబ్బు వాళ్లకు అంటుకోవచ్చు.

క్యాప్సూల్స్ అన్నం తిన్నాకే వేసుకోవాలి. మధ్యమధ్యలో కిడ్నీ, లివర్ పరీక్షలు తప్పనిసరి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా మందు ఆపి అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి. నిర్లక్ష్యం చేస్తే చూపు పోయే ప్రమాదం ఉంది.

కోర్సు అయిన వెంటనే చర్మం రంగు మామూలు కాదు, నెలలు పడుతుంది. అంతమాత్రాన మందు పనిచేయలేదనుకోకండి. కాలా అజార్‌ను గుర్తించే ఆర్‌కే39 రక్తపరీక్ష నయమయ్యాక కూడా ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, దాన్ని పదేపదే చేయించి కంగారు పడొద్దు. కొత్త మచ్చలు పుడితే మాత్రం చర్మం నమూనా మళ్లీ తీయించండి.