మొదటి ప్యాకెట్‌కే 0.0.0.0 ఎందుకు?

ప్రశ్న: లినక్స్‌లో సీ భాషలో మల్టీకాస్ట్ ప్రోగ్రామ్ (ఒకే మెసేజ్‌ని గ్రూప్‌లో అందరికీ పంపేది) రాశాను. గ్రూప్ అడ్రస్ 239.1.2.3. మెసేజ్‌లు సరిగ్గానే అందుతున్నాయి. కానీ పంపినవారి అడ్రస్ ప్రింట్ చేస్తే మొదటి ప్యాకెట్‌కి 0.0.0.0 వస్తోంది, రెండోదాని నుంచి బాగానే ఉంటోంది. పైగా వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలిస్తే అడ్రసే మారిపోతోంది. తప్పెక్కడుంది?

జవాబు: ఇవి రెండు వేర్వేరు విషయాలు. మొదటిది కోడ్‌లో తప్పు. రెండోది అసలు తప్పే కాదు.

మీ కోడ్ చూడకపోయినా, మొదటి ప్యాకెట్ ఒక్కటే పాడవుతోందంటే నా అనుమానమంతా ప్యాకెట్‌ని అందుకునే రెక్వ్‌ఫ్రమ్ (recvfrom) ఫంక్షన్ చివరి ఆర్గ్యుమెంట్ మీదే. అది అడ్రస్ పొడవు. ఫంక్షన్ మనకిచ్చే విలువే కదా అని చాలామంది అందులో సున్నా పెట్టి వదిలేస్తారు. నిజానికి అది రెండు వైపులా పనిచేస్తుంది. పిలిచేటప్పుడు 'అడ్రస్ రాయడానికి ఇంత చోటుంది' అని మనం కెర్నల్‌కి (లినక్స్ మూల భాగానికి) చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు అసలు పొడవెంతో కెర్నల్ అందులోనే రాస్తుంది. చోటు సున్నా అంటే అది ఒక్క బైటు కూడా కాపీ చేయదు, సున్నాలతో నింపి ఉంచిన స్ట్రక్చర్ 0.0.0.0గా కనిపిస్తుంది. అయితే అదే పిలుపులో పొడవు దగ్గర 16 అని రాసేస్తుంది. ఐపీవీ4 అడ్రస్ స్ట్రక్చర్ సైజు అంతే. దాంతో రెండో ప్యాకెట్‌కి అంతా సర్దుకుంటుంది. దానంతటదే పోయినట్టు కనిపిస్తుంది కాబట్టే ఈ బగ్‌ని తేలిగ్గా తీసుకోకండి. ఆ వేరియబుల్‌లో సున్నాకి బదులు నెగెటివ్ చెత్త విలువ ఉంటే రెక్వ్‌ఫ్రమ్ ఎర్రర్ ఇస్తుంది. లూప్ లోపల, ప్రతి పిలుపుకీ ముందు, సైజాఫ్‌తో (sizeof) ఆ స్ట్రక్చర్ పొడవు పెట్టండి.

ఇక కేబుల్ సంగతి. గ్రూప్ అడ్రస్‌ని సోర్స్‌గా, అంటే పంపినవారి అడ్రస్‌గా, వాడకూడదని 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1112 స్పష్టంగా చెప్పింది. కాబట్టి రిసీవర్‌కి కనిపించేది మామూలుగా ప్యాకెట్ బయటికెళ్లిన ఇంటర్‌ఫేస్ (వైఫై, కేబుల్ లాంటి నెట్‌వర్క్ కనెక్షన్) అడ్రస్. ఏ ఇంటర్‌ఫేసో మీరు చెప్పకపోతే రూటింగ్ టేబుల్ (ఏ ప్యాకెట్ ఏ దారిలో వెళ్లాలో చెప్పే పట్టిక) నిర్ణయిస్తుంది, అది సాధారణంగా వైఫై కన్నా కేబుల్‌కే ప్రాధాన్యం ఇస్తుంది. పంపే మెషీన్‌లో 'ఐపీ రూట్ గెట్ 239.1.2.3' (ip route get 239.1.2.3) కమాండ్ కొట్టి చూడండి, ఏ దారిలో, ఏ సోర్స్‌తో వెళ్తుందో తెలిసిపోతుంది. అది మారకుండా ఉండాలంటే పంపే సాకెట్‌కి ఐపీ మల్టీకాస్ట్ ఐఎఫ్ (IP_MULTICAST_IF) ఆప్షన్ సెట్ చేయండి. రిసీవర్‌కీ రెండు నెట్‌వర్క్‌లు ఉంటే, గ్రూప్‌లో చేరేటప్పుడు అక్కడా ఇంటర్‌ఫేస్ పేర్కొనండి.

ఎవరు పంపారో గుర్తించడానికే ఈ అడ్రస్ వాడుతుంటే మాత్రం మానేయమంటాను. మెసేజ్ మొదట్లోనే మీదైన ఐడీ ఒకటి పెట్టండి. అదే మెషీన్‌లో రిసీవర్ కూడా నడుస్తుంటే మీరు పంపిన మెసేజ్‌లు మీకే తిరిగొస్తాయి, లూప్‌బ్యాక్ అనే ఈ సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. వాటిని వడకట్టడానికీ ఆ ఐడీయే పనికొస్తుంది.