పాత ఫ్రెంచ్ టాపెస్ట్రీ (గోడకి వేలాడదీసే బొమ్మల నేతబట్ట) అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు చూసి కొనేవాళ్లు మోసపోతారు, ఇది నేను గట్టిగా చెప్తాను.

పారిస్‌లో పాతసామాన్ల సంతలో ఒక టాపెస్ట్రీ చూశామనీ, 18వ శతాబ్దపు గోబెలాన్ అని అమ్మేవాడు చెప్తున్నాడనీ రాశారు. నమ్మకండి. గోబెలాన్ అంటే ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మంత్రి కోల్బేర్ 1662లో పెట్టించిన రాజుగారి కార్ఖానా. అక్కడ నేసినవి ముఖ్యంగా రాజమహళ్లకీ, పరాయి రాజులకిచ్చే కానుకలకీ పోయాయి. సంతలో చాప మీద పరుచుకుని కూర్చోవు. మామూలు కలవారి గోడలకెక్కినవి ఎక్కువగా క్రూజ్ ప్రాంతంలోని ఓబ్యూసోన్ అనే చిన్న ఊళ్లోవి. ఇప్పుడైతే జకార్డ్ మరమగ్గం మీద నేసిన సోఫా గుడ్డకి కూడా గోబెలాన్ అని చీటీ తగిలిస్తున్నారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న చీరాల దగ్గర గుంటమగ్గం మీద కుప్పడం చీరలు నేసి మమ్మల్ని పెంచాడు. ఆయన పారిస్ వచ్చినప్పుడు, పాత టాపెస్ట్రీలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాను. గోడ మీద ఓబ్యూసోన్ తెర వేలాడుతోంది. అన్నీ చెట్లూ ఆకులే, ఒక మూల కొంగ. నేను బొమ్మ చూస్తున్నాను. నాన్న దగ్గరికెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు చిట్లించి చూసి, "ఏరా, పడుగు అడ్డంగా ఉందేంటి?" అన్నాడు. పడుగంటే మగ్గం మీద పొడుగునా బిగించే దారాలు, వాటి మధ్య అడ్డంగా వేసేది పేక.

నేనెన్నో టాపెస్ట్రీలు చూశాను కానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఆవిడకి చెప్తే ముఖం వెలిగిపోయింది. నిజమే, వీటిలో చాలావరకు బొమ్మని పక్కకి పడుకోబెట్టి నేస్తారు. మగ్గం మీద చెట్టు నిలబడి ఉండదు, పడుకుని ఉంటుంది. పేక పడుగుని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి పడుగు కనపడదు, గట్లు గట్లుగా తెలుస్తుందంతే. గోడకి వేలాడదీసినప్పుడు ఆ గట్లు అడ్డంగా వస్తాయి.

తర్వాత ఆవిడ ఒక మూల లైనింగు కుట్లు విప్పి వెనక వైపు చూపించారు. ముందు నీలంగా ఉన్న ఆకులు వెనక పచ్చగా ఉన్నాయి! ఆ కాలంలో పచ్చరంగు కావాలంటే ఉన్నిని నీలిలో ఒకసారీ, పసుపురంగులో ఒకసారీ ముంచేవారు. ఆ పసుపు ఒక మొక్క నుంచి తీసింది, వెలుతురుకి నిలవదు. నీలి నిలుస్తుంది. మ్యూజియాల్లో నీలం అడవులు చూసి చిత్రకారుడి ఊహ అని మురిసిపోయే గైడ్లున్నారు. అది ఎండ చేసిన పని.

నాన్న చూపు మాత్రం దారం మీదే ఉంది. "రంగు దాని హద్దు దాటట్లేదు, మన కుప్పడం అంచులాగే. కానీ లంకె వెయ్యలేదే" అన్నాడు. కుప్పడంలో అంచు పేకా చీర ఒంటి పేకా కలిసే చోట రెండు దారాలనీ ఒకదానిలో ఒకటి మెలేస్తారు, అదే లంకె. ఓబ్యూసోన్‌లో చాలాచోట్ల చీలిక వదిలేసి తర్వాత సూదితో కుట్టేస్తారు. మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. చేత్తో నేసినదానిలో ఏ రంగు దారం ఆ రంగు జాగాలోనే తిరుగుతుంది. జకార్డ్ గుడ్డ వెనక రంగురంగుల దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చారల్లా పోతుంటాయి.

ఓబ్యూసోన్ మగ్గం కూడా నేలకి సమంగా ఉంటుంది, కాళ్లతో తొక్కే చెక్కలుంటాయి. బొమ్మ కాగితం పడుగు కింద ఉంటుంది, నేసేది వెనక వైపు నుంచి. ముందు వైపు ఎలా వస్తోందో చూసుకోవాలంటే కింద చిన్న అద్దం పెట్టాలి. బట్ట కోసి దించేదాకా నేసినవాడికి మొత్తం బొమ్మ కనపడదు. చదరపు మీటరుకి సుమారు నెల పడుతుంది, సన్నపనైతే ఇంకా ఎక్కువ.

ఇంత చేసినవాడి పేరు ఎక్కడుంది? ఫ్రాన్స్‌లోని ఆంజే అనే ఊళ్లో అపోకలిప్స్ టాపెస్ట్రీ ఉంది, బైబిల్లోని లోకాంతం బొమ్మలది, ఇప్పటికీ సుమారు 100 మీటర్లు మిగిలింది. 1370ల్లో చేయించిన డ్యూక్ మొదటి లూయీ పేరుంది, బొమ్మ గీసిన జాన్ బోందోల్ పేరుంది, బేరం కుదుర్చుకున్న వర్తకుడు నికోలా బతాయ్ పేరుంది. మగ్గం మీద కూర్చుని నేసినవాళ్ల పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. 18వ శతాబ్దం చివర్లో ఆ బట్టనే ముక్కలు చేసి నారింజచెట్లకి మంచు తగలకుండా కప్పారు. 1797లో పారిస్‌లో వెండి, బంగారు జరీ కోసం రాజుల టాపెస్ట్రీలు కాల్చారు. 1685లో ప్రొటెస్టంట్ల మతస్వేచ్ఛ రద్దయ్యాక ఓబ్యూసోన్ నేతగాళ్లు ఎంతోమంది జర్మనీకీ స్విట్జర్లాండ్‌కీ వెళ్లిపోయారు. ఆ ఊరి నేతని యునెస్కో 2009లో తన జాబితాలో చేర్చింది, సంతోషమే. కానీ చీర మీద షాపు పేరుండి నేసినవాడి పేరు లేకపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, అది అక్కడా ఇక్కడా ఒకటే అన్యాయం.

మీరు కొనాలనుకుంటే లైనింగు మూల విప్పి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. వెలిసిపోయినచోట కుంచెతో రంగు పూసి అమ్మేవాళ్లున్నారు, అమ్మేవాణ్ణి అడిగి తడి దూదితో మెల్లగా అద్ది చూడండి. అంచు విడిగా కుట్టి ఉంటే ఏదో పెద్దదాన్ని కోసి చిన్నది చేశారేమో అని అడగండి. ఇంటికి తెచ్చాక ఎండ పడే గోడకి మాత్రం తగిలించకండి.