ప్లూటోకి అయిదు చందమామలు ఎలా వచ్చాయి?

బుధుడికి, శుక్రుడికి ఒక్క చందమామ కూడా లేదు, గ్రహాల లిస్టులోంచి తీసేసిన ప్లూటోకి మాత్రం అయిదున్నాయట, ఇదెలా కుదిరింది, ఇంట్లో ఉండే టెలిస్కోపుతో వాటిని చూడొచ్చా అని అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. చందమామలు కనపడవు. ప్లూటో కనపడుతుంది, కాకపోతే చాలా ఓపిక కావాలి.

నేను శాస్త్రవేత్తను కాదు. రాత్రిపూట ఆకాశం చూడటం చాలాకాలంగా ఉన్న పిచ్చి, అంతే. మా మిత్రబృందం దగ్గర పన్నెండు అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు ఒకటుంది. చూడ్డానికి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు ప్లూటో చూపించమని అడగకుండా ఉండరు. చూపించాక "ఇంతేనా?" అనకుండానూ ఉండరు. నిజమే, అంతే. మామూలు కంటికి అందే అతి మసక నక్షత్రం కంటే రెండు వేల రెట్లకు పైగా మసకగా ఉండే ఒక చుక్క. సూటిగా చూస్తే మాయమైపోతుంది, ఓరకంట చూస్తే తేలుతుంది. కంటి నడిమధ్య కంటే దాని చుట్టుపక్కల భాగానికే మసక వెలుతురు బాగా పట్టుబడుతుంది మరి.

పక్కనున్న నక్షత్రాలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. స్టార్ చార్ట్ చేతిలో ఉన్నా ఏది ప్లూటోనో గట్టిగా చెప్పడానికి ఒక్క రాత్రి చాలదు. అందుకని నేను కెమెరా తగిలించి ఫొటోలు తీస్తాను. ఒకటి రెండు రాత్రులు ఆగి మళ్లీ అదే చోట తీస్తాను. రెండు ఫొటోలనూ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి మార్చి మార్చి చూస్తే అన్ని చుక్కలూ కదలకుండా ఉంటాయి, ఒక్కటి మాత్రం ఇటు నుంచి అటు గెంతుతుంది. అదీ ప్లూటో. 1930లో అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో ప్లూటోని కనిపెట్టిన క్లైడ్ టాంబా చేసిందీ ఈ పనే. జనవరి 23న, 29న తీసిన రెండు గాజు ప్లేట్లను యంత్రంలో పెట్టి మార్చి మార్చి చూస్తూ ఫిబ్రవరి 18న ఆ గెంతు పట్టుకున్నాడు. నేను వెతికేది ఎక్కడుందో ముందే తెలిసిన చుక్కను. ఆయన వెతికింది అసలు ఉందో లేదో తెలియనిదాన్ని, లక్షల్లో ఉన్న నక్షత్రాల మధ్య.

ఇక ప్లూటో చందమామల్లో పెద్దదైన షారన్ సంగతి. పున్నమి చంద్రుడి వెడల్పును రెండు వేల ముక్కలు చేస్తే, అందులో సుమారు ఒక్క ముక్కంత ఎడం మాత్రమే ఈ రెండింటి మధ్య మనకు కనపడుతుంది. మన గాలి పొరలు రోజూ చేసే అల్లరికే అది కలిసిపోతుంది. 1978లో దాన్ని కనిపెట్టిన జేమ్స్ క్రిస్టీకి కూడా అది విడిగా కనపడలేదు. అమెరికా నేవల్ అబ్జర్వేటరీలో ఆయన ప్లూటో కక్ష్యను సరిచేయడానికి పాత ప్లేట్లు కొలుస్తున్నాడు. కొన్నింటిలో ప్లూటో ఒక పక్కకు ఉబ్బినట్టుంది. లోపం ఉన్నవని వాటిని పక్కన పెట్టేశారు కూడా.

ఫొటోలు తీసేవాళ్లకు ఈ ఉబ్బు కొత్తేమీ కాదు. భూమి తిరిగే వేగానికి తగ్గట్టు టెలిస్కోపు తిరగకపోతే చుక్కలు బియ్యపు గింజల్లా సాగిపోతాయి. నా ఫొటోల్లో సగానికి పైగా అలా పాడైనవే. కానీ ట్రాకింగ్ తప్పితే ఫొటోలో ఉన్న నక్షత్రాలన్నీ ఒకే వైపు సాగాలి. క్రిస్టీ ప్లేట్లలో పక్క నక్షత్రాలు గుండ్రంగానే ఉన్నాయి, ప్లూటో ఒక్కటే సాగింది. అది కూడా ఒకసారి ఉత్తరం వైపు, ఇంకోసారి దక్షిణం వైపు. ఆ ఉబ్బు ఆరు రోజుల పైచిలుకుకోసారి మళ్లీ అదే చోటికి వస్తోంది. ప్లూటో వెలుగు అదే లెక్కలో హెచ్చుతగ్గులవుతుందని అప్పటికే తెలుసు. రెండూ కలిశాయి, ఆ ఉబ్బు చందమామేనని తేలింది. ఈ కథ తెలిసినప్పటి నుంచి సాగిన చుక్క కనపడితే ముందు పక్క నక్షత్రాలు చూడటం నాకు అలవాటైపోయింది. ఇంతవరకూ ఎప్పుడూ ట్రాకింగే, అది వేరే విషయం.

నన్ను అడిగితే, ఈ చందమామల అసలు విలువ వాటి సంఖ్యలో లేదు. అవి లేకపోతే ఆ లోకాల బరువు తెలుసుకోవడం దాదాపు అసాధ్యం. ప్లూటో దొరికిన కొత్తలో అది భూమి అంత బరువు ఉండొచ్చనుకున్నారు. 1976లో దాని మీద మీథేన్ మంచు ఉందని తేలాక, అంత తెల్లగా మెరిసేది చిన్నదే అయి ఉండాలని అంచనా బాగా తగ్గించారు. రెండేళ్లలో షారన్ దొరికింది, ఇక అంచనాల పని లేకుండా పోయింది.

ఆ లెక్క మీరే వేసుకోవచ్చు, ఫోనులో క్యాలిక్యులేటర్ చాలు. చుట్టూ తిరిగేది ఎంత దూరంలో ఉంది, ఎన్నాళ్లకు ఒకసారి చుట్టి వస్తుంది, ఈ రెండూ తెలిస్తే మధ్యలో ఉన్నదాని బరువు తెలుస్తుంది. కెప్లర్ మూడో సూత్రానికి న్యూటన్ ఇచ్చిన రూపం ఇది. దూరాల నిష్పత్తిని మూడుసార్లు, కాలాల నిష్పత్తిని రెండుసార్లు హెచ్చవేయాలి. మన చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉండి 27.3 రోజులకు ఒక చుట్టు చుడతాడు. షారన్ 19,600 కిలోమీటర్ల దూరంలో 6.39 రోజులకు చుడుతుంది. దూరాన్ని దూరంతో భాగిస్తే 19.6. దాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే (19.6 × 19.6 × 19.6) సుమారు 7,530. రోజులను రోజులతో భాగిస్తే 4.27, రెండుసార్లు హెచ్చవేస్తే 18.2. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి, 410కి కాస్త అటూఇటుగా వస్తుంది. అంటే ప్లూటో, షారన్ రెండూ కలిపి భూమి, చంద్రుడు కలిసిన బరువులో 410వ వంతు. అందులో షారన్ వాటా తొమ్మిదో వంతు. అది తీసేస్తే ప్లూటో ఒక్కటీ దాదాపు 460వ వంతు.

ఇప్పుడు ఇదే లెక్క ఎరిస్‌కు వేయండి. 2005లో మైక్ బ్రౌన్ బృందం కనిపెట్టిన, ఇంచుమించు ప్లూటో అంతే ఉన్న ఈ ఎరిస్ వల్లే కదా ప్లూటో గ్రహం పదవి పోయింది. దాని చందమామ డిస్నోమియా సుమారు 37,300 కిలోమీటర్ల దూరంలో 15.8 రోజులకు చుడుతుంది. లెక్క వేస్తే 366వ వంతు దగ్గర తేలుతుంది. ఎరిస్ వ్యాసం 2,326 కిలోమీటర్లు, ప్లూటోది 2,377. ఆకారంలో ఎరిస్ కాస్త చిన్నది, బరువులో మాత్రం ప్లూటో కంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ. దాని లోపల మంచు తక్కువ, రాయి ఎక్కువ అన్నమాట. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహం నిర్వచనం మీద ఓటు వేసేనాటికి ఎరిస్ బరువు ఇంకా తేలలేదు. డిస్నోమియా కక్ష్య లెక్కగట్టి 2007లో చెప్పారు.

ఇక మీ మొదటి ప్రశ్న. చందమామను పట్టి ఉంచుకోవడానికి సైజు ఒక్కటే లెక్కలోకి రాదు, సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడన్నది కూడా ముఖ్యం. దగ్గర్లో ఉంటే ఆయన లాగేసుకుంటాడు. ప్రతి గ్రహం చుట్టూ దాని మాట చెల్లే హద్దు ఒకటుంటుంది, హిల్ గోళం అంటారు. భూమికి అది సుమారు 15 లక్షల కిలోమీటర్లు. భూమి బరువులో 400వ వంతు కూడా లేని ప్లూటోకి దాదాపు 60 లక్షల కిలోమీటర్లు. బుధుడికి రెండు లక్షలు కూడా లేవు.

శుక్రుడికి పది లక్షల దాకా ఉంది, మరి ఆయనకేం తక్కువ అనొచ్చు. ఆయన తన చుట్టూ తాను తిరగడానికే 243 రోజులు తీసుకుంటాడు. గ్రహం మెల్లగా, చందమామ వేగంగా తిరిగితే ఆటుపోట్ల లాగుడు చందమామకు అడ్డం పడి కొంచెం కొంచెంగా లోపలికి దించుతుంది. అలా జరగకూడదంటే ఆ చందమామ శుక్రుడికి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల ఉండాలి. ఆయన హద్దు పది లక్షల దగ్గరే అయిపోయింది. బుధుడిదీ ఇదే ఇబ్బంది.

హద్దు పెద్దదైనంత మాత్రాన చందమామ ఊడిపడదు కదా, అది పుట్టాలి. నెప్ట్యూన్ అవతల కైపర్ బెల్ట్‌లో వస్తువులు సూర్యుడి చుట్టూ మెల్లగా తిరుగుతాయి, కాబట్టి గుద్దుకున్నా మెల్లగానే గుద్దుకుంటాయి. సెకనుకు ఒక కిలోమీటరు, అటూఇటుగా. ప్లూటో నుంచి తప్పించుకుపోవడానికి కావలసిన వేగం కూడా సెకనుకు 1.2 కిలోమీటర్లే. అందుకే గుద్దుకున్నాక ముక్కలు ఎగిరి చెదిరిపోకుండా చుట్టూనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. అంగారకుడికి, గురుడికి మధ్య ఉన్న ఆస్టరాయిడ్ బెల్ట్‌లో ఢీకొనే వేగం దీనికి నాలుగైదు రెట్లు. అక్కడున్న సెరెస్ కూడా ఇప్పుడు ప్లూటోలాగే మరుగుజ్జు గ్రహం, దానికి చందమామ లేదు. సమాఖ్య గుర్తించిన అయిదు మరుగుజ్జు గ్రహాల్లో నెప్ట్యూన్ అవతల ఉన్న నాలుగింటికీ, అంటే ప్లూటో, ఎరిస్, హౌమియా, మాకెమాకెలకు ఉన్నాయి.

షారన్ కూడా అలాంటి గుద్దుడులోంచే వచ్చిందని ఎక్కువమంది నమ్మే మాట. ఆ రెండూ ఢీకొని, కొన్ని గంటలు అతుక్కుని కలిసి తిరిగి, పెద్దగా చెక్కుచెదరకుండా విడిపోయి ఉంటాయని 2025లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. షారన్ వ్యాసం 1,212 కిలోమీటర్లు, ప్లూటోలో సగానికి పైనే. అంత పెద్దది కాబట్టి షారన్ ప్లూటో చుట్టూ తిరుగుతుందనడం కూడా పూర్తిగా సరి కాదు. రెండూ కలిసి ప్లూటో నేల నుంచి 900 కిలోమీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఒక బిందువు చుట్టూ తిరుగుతాయి, ఎప్పుడూ ఒకదానికొకటి ఒకే ముఖం చూపిస్తూ. ప్లూటో మీద నిలబడితే షారన్ మన చంద్రుడికి ఏడు రెట్ల వెడల్పుతో, ఉదయించకుండా, అస్తమించకుండా ఆకాశంలో ఒకే చోట ఉండిపోతుంది. అవతలి సగంలో నిలబడినవాడికి దాని మొహమే కనపడదు.

మిగతా నాలుగూ చిన్న ముక్కలు. నిక్స్, హైడ్రా 2005లో, కెర్బెరాస్ 2011లో, స్టిక్స్ 2012లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల్లో దొరికాయి. 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక పక్క నుంచి దూసుకుపోతూ చూస్తే, ప్లూటోని 38 రోజులకు చుట్టే హైడ్రా తన చుట్టూ తాను మాత్రం పది గంటలకోసారి తిరుగుతోంది.

చందమామ వేట మాత్రం అంత తేలికైన పని కాదు. ఎరిస్ తన మీద పడిన వెలుతురులో నూటికి 96 వంతులు తిప్పికొడుతుంది, డిస్నోమియా అయిదు వంతులు కూడా కొట్టదు. మాకెమాకె కంటే దాని చందమామ 1,300 రెట్లు మసక, పైగా దాని కక్ష్య మనకు అంచు వైపు నుంచి కనపడుతుంది. అందువల్ల ఎక్కువ కాలం మాకెమాకె మెరుపులోనే దాక్కుంటుంది. ముందు వెతికినవాళ్లకు దొరకలేదు, 2015లో హబుల్‌కు దొరికింది. నాకు బాగా నచ్చేవి నెప్ట్యూన్ అవతలి మరో రెండు లోకాలు, సెడ్నా, గాంగ్‌గాంగ్‌ల కథలు. సెడ్నా చాలా నెమ్మదిగా తిరుగుతోందని, దాన్ని అలా ఆపుతున్న చందమామ ఒకటి ఉండాలని 2004లో హబుల్‌తో వెతికారు. ఏమీ లేదు. తర్వాత కొలిస్తే సెడ్నా తిరిగేది సుమారు పది గంటలకోసారి, నెమ్మదేమీ లేదు. గాంగ్‌గాంగ్ విషయంలోనూ ఇదే అనుమానం వచ్చి హబుల్ పాత ఫొటోలు తిరగేస్తే, 2009లో, 2010లో తీసినవాటిలో చందమామ నిజంగానే ఉంది. అప్పటిదాకా ఎవరూ గమనించలేదంతే.

మీకు క్యాలిక్యులేటర్ మీద సరదా పుడితే హౌమియాతో కూడా ప్రయత్నించండి. నాలుగు గంటలలోపే ఒక చుట్టు తిరిగే వేగానికి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయిన లోకం అది. చుట్టూ ఒక వలయం కూడా ఉందని 2017లో తేలింది. దానికి రెండు చందమామలు. పెద్దదైన హియాకా దూరం 49,900 కిలోమీటర్లు, చుట్టు 49.5 రోజులు అని తీసుకోండి. ఈసారి రోజుల నిష్పత్తి ఒకటి కంటే తక్కువ వస్తుంది, కంగారు పడొద్దు, అలాగే హెచ్చవేసి భాగించండి. జవాబు 1,500 దగ్గర రావాలి. రాకపోతే మీ లెక్క ఇక్కడ పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం.