పాత లాంప్‌షేడ్లు అమ్ముతానంటోంది, మరి చదువు?

ప్రశ్న: మాది మెదక్. ఇరవై రెండేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. ఏడాదిగా సెలవు రోజుల్లో ఎస్టేట్ సేల్స్ (ఇంట్లోని పాత సామాన్లన్నీ అమ్మేసే చోట్లు) తిరిగి, పాత స్టెయిన్డ్ గ్లాస్ (రంగుగాజు) లాంప్‌షేడ్లు కొని ఆన్‌లైన్లో అమ్ముతోంది. ఖర్చులు పోను కాస్త మిగులుతోంది. ఈమధ్య 160 డాలర్లు పెట్టి స్టాండుతో సహా ఒక షేడ్ తెచ్చింది. పచ్చటి ఆకులు, పసుపు పూలు. లోపలి అంచున ‘టిఫనీ స్టూడియోస్ న్యూయార్క్’ అని చిన్న రేకు ఉంది. ఇది అమ్మితే పెద్ద డబ్బు వస్తుందని, కంప్యూటర్స్ మానేసి ఆర్ట్ హిస్టరీకి మారతానని అంటోంది. వాళ్ల నాన్న తనతో మాట్లాడటం మానేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: ముందు ఆ షేడ్ సంగతి చూద్దామమ్మా. అది తేలకుండా చదువు గురించి మాట్లాడితే ఇంట్లో గొడవ పెరుగుతుందే గానీ దారి దొరకదు.

ఆ రేకును చూసి ఎవరూ ఏమీ నిర్ణయించుకోకండి. అంత చిన్న రేకును ఎవరైనా చేయించి టంకంతో అతికించవచ్చు. చాలామంది ఆ పని చేశారు కూడా. పైగా అమెరికాలో రంగుగాజు ముక్కలతో చేసిన ప్రతి లాంపునూ ‘టిఫనీ’ అనేస్తారు. అసలు టిఫనీ స్టూడియోస్ లూయీ కంఫర్ట్ టిఫనీ నడిపిన సంస్థ. నగలు అమ్మే టిఫనీ కంపెనీ ఆయన తండ్రిది. ఈ గాజు ముక్కల షేడ్లు 1890ల చివర్లో మొదలయ్యాయి, 1930ల మొదట్లో సంస్థ మూతపడింది. అదే కాలంలో డఫ్నర్ అండ్ కింబర్లీ, హాండెల్ లాంటి వాళ్లు కూడా మంచి షేడ్లు చేశారు. 1960, 70లలో ఈ ఫ్యాషన్ మళ్లీ వచ్చింది. పిజ్జా హట్ బల్లల మీద వేలాడిన ఎర్ర షేడ్లు ఆ మోజులోంచి వచ్చినవే. ఆ తర్వాత చైనా నుంచి దిగినవాటికి లెక్కే లేదు. ఎస్టేట్ సేల్స్‌లో మామూలుగా దొరికేవి ఈ చివరి రెండు రకాలే.

మీది మెదక్ అన్నారు కాబట్టి సులువుగా చెప్పగలను. మెదక్ చర్చి రంగుగాజు కిటికీలు పగటిపూట చూసే ఉంటారు. పొద్దు గుంకాక లోపలి నుంచి చూస్తే అవే కిటికీలు నల్లటి పలకలు. బయటి వెలుతురు వస్తేనే ఆ బొమ్మలు బతుకుతాయి. షేడ్ విషయంలో సూర్యుడి పని బల్బు చేస్తుంది. అందుకే ఏ షేడ్‌నైనా ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూడాలి. వెలిగించినప్పుడు ఒక్కో ఆకునూ విడిగా చూడమనండి. టిఫనీ పనివాళ్లు పెద్ద గాజు పలకలో ఏ చోట ఎండ తగిలిన ఆకులా ఉందో, ఏ చోట నీడలో ఉన్న ఆకులా ఉందో వెతికి, సరిగ్గా అక్కడే కోసేవారు. అందుకే ఒక్క ఆకులోనే ముదురు, లేత పచ్చలు కలిసి ఉంటాయి, పక్క ఆకు మరోలా ఉంటుంది. చవక నకళ్లలో ఆకులన్నీ ఒకే పచ్చ. నిజం చెప్పాలంటే ఈ ఒక్క తేడా చూడగలిగితే సగం పని వచ్చినట్టే. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, వందల షేడ్లు చూస్తేనే వస్తుంది.

తర్వాత అతుకులు చూడాలి. ప్రతి ముక్క అంచుకూ సన్నటి రాగి రేకు చుట్టి, వాటిని టంకంతో కలుపుతారు. విస్టీరియా అనే పూలతీగ నమూనాతో చేసిన పెద్ద షేడ్‌లో దాదాపు రెండు వేల ముక్కలుంటాయి. అలా కాకుండా ఆరో ఎనిమిదో వంచిన గాజు పలకలను లోహపు చట్రంలో బిగించి ఉంటే అది స్లాగ్ గ్లాస్ లాంప్. అదీ వందేళ్లనాటిది కావచ్చు, అదీ అమ్ముడుపోతుంది, కానీ వేరే రకం. పాత షేడ్‌ను వేలితో మెల్లగా తడితే తరచు చిన్న గలగల వినిపిస్తుంది, ఇన్నేళ్లలో గాజుకూ రాగి రేకుకూ మధ్య పట్టు వదులై ఉంటుంది. వైరు, ప్లగ్గు చూసి మాత్రం వయసు చెప్పకూడదు, వాటిని మధ్యలో ఎవరో ఒకరు మార్చేసి ఉంటారు. స్టాండు కూడా అంతే. ఒకచోటి స్టాండు, మరోచోటి షేడ్ కలిపి అమ్మడం చాలా మామూలు. స్టాండు అరిగిన చోట లోపల తెల్లటి లోహం కనిపిస్తే అది కంచు కాదు, జింకు కలిపిన చవక పోత.

మనకు ఇత్తడి బిందెను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే అలవాటు. దయచేసి ఆ స్టాండును తోమకండి. కంచు మీద కాలంతో పట్టిన ఆ ముదురు రంగు పోతే ధర కూడా పోతుంది. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి షేడ్ ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. వంటగదిలో పెట్టొద్దు.

ఇక అమ్మకం. ఆ షేడ్‌ను ఇప్పుడే ఆన్‌లైన్లో పెట్టొద్దని చెప్పండి. క్రిస్టీస్, సదబీస్ లాంటి పెద్ద వేలం సంస్థలు ఫొటోలు పంపితే అంచనా చెబుతాయి. మీకు దగ్గరలోనే, లాంబర్ట్‌విల్‌లో రేగో అనే వేలం సంస్థ ఉంది. కనీసం రెండు చోట్ల అడగాలి. అసలైనదైతే అమ్మాల్సింది వేలంలోనే. 1997లో టిఫనీ పింక్ లోటస్ లాంపు 28 లక్షల డాలర్లు పలికింది, 2018లో పాండ్ లిలీ 33 లక్షలు దాటింది. అవి చాలా అరుదైన నమూనాలు, మీ ఇంట్లో ఉన్నదాన్ని వాటితో పోల్చుకోవద్దు. నకలని తేలితే ‘టిఫనీ స్టైల్’ అని రాసి, ఆ రేకు సంగతి కూడా చెప్పి అమ్మాలి. నా దగ్గర సలహా తీసుకున్న ఒక అబ్బాయి ‘స్టైల్’ అనే ఒక్క మాట వదిలేసి రాశాడు. కొన్నాయన వెనక్కి పంపాడు, డబ్బు తిరిగివ్వాల్సి వచ్చింది, తర్వాత ఎనిమిది నెలలు అతని దగ్గర ఎవరూ కొనలేదు. ఈ రంగంలో కొనేవాళ్లు తక్కువ, వాళ్లలో వాళ్లకు పరిచయాలు ఎక్కువ.

మామూలు షేడ్లకైతే పద్ధతి తేలికే. లోపలి వైపు, అంచులు, స్టాండు అడుగు, ప్రతి పగులూ ఫొటోలో చూపించాలి, ఎన్ని ముక్కలు పగిలాయో అంకె రాయాలి. అడిగే ధరలు చూసి ధర పెట్టకూడదు, అమ్ముడైన ధరలు చూడాలి. ఆన్‌లైన్లో అమ్మే ఎట్సీ సైట్‌లో ‘వింటేజ్’ (పాతకాలపుది) అనాలంటే వస్తువుకు ఇరవై ఏళ్లు నిండాలి. షేడ్, స్టాండు విడివిడిగా, పెట్టెలో పెట్టె పెట్టి పంపాలి. ఏడాదికి నికర లాభం 400 డాలర్లు దాటితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సొంత సంపాదన మీద పన్ను) కూడా కట్టాలి, లెక్కలు ఇప్పటినుంచే రాయించండి. మీ అమ్మాయి ఇక్కడ పుట్టింది కాబట్టి ఇబ్బంది లేదు. ఈ జవాబు చదువుతున్నవాళ్లలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు. లాభం కోసం కొని అమ్మడం ఉద్యోగం కిందే వస్తుంది, వీసాకు ముప్పు.

ఇప్పుడు చదువు. డ్రాగన్‌ఫ్లై, విస్టీరియా లాంటి గొప్ప షేడ్లు లూయీ టిఫనీయే గీశాడని లోకం చాలాకాలం నమ్మింది. క్లారా డ్రిస్కల్ అనే ఆవిడ అక్కడ గాజు కోసే ఆడవాళ్ల విభాగానికి పెద్ద. ఇంటివాళ్లకు ఆమె రాసిన ఉత్తరాలు పరిశోధకుల కంటపడ్డాయి. వాటిని ఓపికగా చదివితే ఆ నమూనాల వెనక ఉన్నది ఆమె అని తేలింది. 2007లో న్యూయార్క్ హిస్టారికల్ మ్యూజియం ఆమె మీద ఒక ప్రదర్శనే పెట్టింది. ఆ పని చేసింది కళాచరిత్ర చదివినవాళ్లు. అందుకే మీ అమ్మాయి అడుగుతున్నది పనికిమాలిన చదువని వాళ్ల నాన్నగారు అనుకుంటే నేను ఒప్పుకోను.

అయినా ఇప్పుడే కంప్యూటర్స్ మానొద్దనే చెబుతాను. వేలం సంస్థల్లో కేటలాగ్ రాసే మొదటి ఉద్యోగానికి జీతం సాఫ్ట్‌వేర్ జీతానికి చాలా దూరంలో ఉంటుంది, న్యూయార్క్ అద్దెలు మీకు తెలుసు. డిగ్రీ పూర్తి చేస్తూనే ఆర్ట్ హిస్టరీని మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా తీసుకోవచ్చు. వచ్చే వేసవి ఒక వేలం సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు, ఆ పై వేసవి కార్నింగ్ గ్లాస్ మ్యూజియం స్టూడియోలో గాజు పని నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. తర్వాత కూడా ఇదే కావాలంటే డెలావేర్ విశ్వవిద్యాలయంలో వింటర్‌థర్ మ్యూజియంతో కలిసి నడిపే రెండేళ్ల ఎం.ఏ. ఉంది. ధర కట్టే అప్రైజర్ కావాలంటే యూస్పాప్ అనే, ధర కట్టే నియమాల 15 గంటల కోర్సు, ఒక అప్రైజర్ల సంఘంలో సభ్యత్వం, కొన్నేళ్ల అనుభవం కావాలి. పాత షేడ్లు బాగుచేసే కన్జర్వేషన్ వైపు మనసుంటే కెమిస్ట్రీ తప్పనిసరి, ఆర్గానిక్ కెమిస్ట్రీతో సహా. ఈ ఒక్కటీ వాయిదా వేయడానికి లేదు, వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి. కాబట్టి వ్యాపారమా, పరిశోధనా, మరమ్మతా అని మూడింట్లో తనకేది ఇష్టమో ముందు అడగండి. బహుశా ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

ఈ శనివారం ముగ్గురూ కలిసి రైలెక్కి న్యూయార్క్ హిస్టారికల్‌కు వెళ్లండి. నాలుగో అంతస్తులో చీకటి గదిలో వంద టిఫనీ లాంపులు వెలుగుతూ ఉంటాయి. ఎగాన్ న్యూస్టాట్ అనే డాక్టరు కూడబెట్టినవి. 1935లో మొదటిదాన్ని పాత సామాన్ల కొట్లో ఆయన పన్నెండున్నర డాలర్లకు కొన్నాడు. మీ షేడ్ ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోమనండి, వెలిగించి నాలుగు, ఆర్పి నాలుగు. ఆ ఆకుల పక్కన మీ ఆకులు పెట్టి చూసి, తేడా ఏమిటో తననే వాళ్ల నాన్నగారికి చెప్పమనండి.