పాత చూరుకూ కొత్త గోడకూ మధ్య

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక గ్రామం. ఆరు సెంట్ల స్థలంలో మా మామగారి తండ్రి కట్టించిన తూర్పు ముఖం పెంకుటిల్లు ఉంది. ఇటుక, సున్నంతో కట్టిన గోడలు. పడమటి వైపు వసారా ఉంది. నడింట్లోని రెండు కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. వసారా వెనక ఇరవై ఆరు అడుగుల పెరడు, నాలుగు కొబ్బరిచెట్లు. మోకాలికి శస్త్రచికిత్స జరిగిన మా అత్తగారికి స్నానాలగదితో కలిపి ఒక పడకగది వేయాలనీ, వంటింటికి కొంచెం చోటు కలపాలనీ అనుకుంటున్నాం. వీధి రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతోంది కనుక కొత్త గదిని అడుగున్నర ఎత్తులో కట్టమని అందరూ అంటున్నారు. ఇన్నేళ్లలో వాననీరు వీధి మెట్లలో రెండో మెట్టు దాకా వచ్చింది గాని ఇంట్లోకి రాలేదు. మా వారు మేస్త్రి చాలంటారు. నేను ఆర్కిటెక్టు దగ్గరికి వెళదామంటున్నాను. ముందుగా మేమే నక్షా గీసుకుంటే పని సులువవుతుందని గీసి పంపుతున్నాను. వసారా మూసి, దానికి ఆనించి గది కట్టేట్టు గీశాను. సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, మీ నక్షా శుభ్రంగా ఉంది. తలుపులు ఎటు తెరుచుకుంటాయో కూడా గుర్తు పెట్టారు. అయినా దాన్ని ప్రస్తుతానికి బీరువాలో దాచమని అడుగుతున్నాను. అందులో కొత్త గది ఉంది గాని పాత ఇల్లు లేదు. ఇల్లు ఉన్నచోట ఒక ఖాళీ చతురస్రం గీసి లోపల ‘ఇల్లు’ అని రాశారు. నాకు దిగులు కలిగింది అక్కడే.

1991లో పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మా అమ్మ ఇంటికి నేనూ ఇలాగే చేశాను. అప్పటికే ఇంజనీరుగా పనిచేస్తున్నాను. చెల్లెలి పెళ్లికి గది కావాలని వెనక వసారా మూయించి, దానికి ఆనించి పది, పన్నెండు అడుగుల శ్లాబు గది వేయించాను. గది బాగానే వచ్చింది. నడిల్లు చీకటయింది. మా అమ్మ పట్టపగలు దీపం వేసుకుని బియ్యం ఏరుకునేది. ఇరవై ఏళ్లు అలాగే ఏరుకుంది, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎవరు గది కలపాలని వచ్చినా, ఏ పాత గది వెలుతురు పోతుందన్నదే ముందు చూస్తున్నాను.

మీ నక్షా ప్రకారం కడితే మీ నడింటికీ అదే గతి పడుతుంది. కిటికీలు ఉంటాయి, కానీ మరో గదిలోకి తెరుచుకుంటాయి. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతు కిటికీలకు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. పది, పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. దానికి 20 చదరపు అడుగుల కిటికీలు కావాలి. అవి బయటి గాలికి తెరుచుకోవాలి. వసారాలోకి తెరుచుకున్నా ఇప్పటిదాకా సరిపోయిందంటే, ఆ వసారాకు పడమర గోడ లేకపోవడం వల్లనే.

రెండో సంగతి మీ పెంకుల చూరు. పడమటి వాలు మీద పడిన వాన అంతా ఆ చూరు నుంచే పెరట్లో దిగుతుంది. దాని కిందికి కొత్త శ్లాబు తోస్తే, వాలు నీరంతా రెండు కప్పుల నడుమ చిక్కుతుంది. అక్కడ తగరపు రేకుతో దోనె పెడతారు. కొబ్బరాకులు, పిందెలు రాలి అది పూడుతుంది. శ్రావణంలో మొదలైన చెమ్మ కార్తీకం దాకా ఆరదు. పెంకుటింటికి ఆనించి వేసిన శ్లాబుల్లో ఆ అతుకు దగ్గర కారని ఇల్లు నేను చూసింది చాలా తక్కువ.

మూడోది మీ కాళ్ల కింది నేల. మన డెల్టాలో చాలాచోట్ల ఉన్నది నల్ల బంకమట్టి. ఎండాకాలం బీటలు విచ్చుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. మీ పాత గోడలు ఇన్నేళ్లుగా ఆ నేలలో దిగవలసినంత దిగి కుదురుకున్నాయి. కొత్త గోడ దిగడం ఇప్పుడు మొదలవుతుంది. రెండింటినీ ఒకటిగా కట్టేస్తే, కొత్తది దిగేటప్పుడు పాతదాన్ని లాగుతుంది. సున్నపు గోడ ఆ లాగుడుకు ఏటవాలుగా పగులుతుంది. పైగా పాత పునాది మట్టి కింద గోడకన్నా వెడల్పుగా ఉంటుంది. దాన్ని ఆనుకుని స్తంభం గుంత తవ్వితే పాత గోడ కాళ్లు కదులుతాయి.

ఈ మూడు చిక్కులకూ నాకు తెలిసిన మంచి విరుగుడు ఒక్కటే. పాత చూరుకూ కొత్త గోడకూ మధ్య నాలుగడుగుల ఆకాశం వదలండి. వసారాను అలాగే ఉండనివ్వండి. కొత్త గదిని పెరట్లో వేరుగా, తన స్తంభాల మీద తాను నిలిచేలా కట్టించండి. రెండింటినీ ఒక పక్కన నాలుగడుగుల వెడల్పు నడవతో కలపండి. నడవ పైకప్పు తేలికగా ఉండాలి, పాత గోడకు బిగించకూడదు. చూరు నీరు ఆ ఖాళీలో పడి కాలువలోకి పోతుంది. నడింటి కిటికీలకు వెలుతురు ఉంటుంది. కొత్త గదికి కూడా ఆ వైపు ఇంకో కిటికీ వస్తుంది. మన పెద్దలు మండువా వదిలింది ఇందుకే కదా! ఇరవై ఆరు అడుగుల్లో నాలుగు పోతాయని మీ వారు బాధపడవచ్చు. ఆ నాలుగడుగులు పోలేదని, అవే ఇంటిని కాస్తాయని ఆయనకు నా మాటగా చెప్పండి. ఒకవేళ స్థలం చాలక గోడకు గోడ ఆనించక తప్పకపోతే, నడుమ కనీసం అంగుళం సందు ఉంచి మెత్తటి అట్టతో నింపమని ఇంజనీరుతో చెప్పాలి. బీము గాని, శ్లాబు గాని పాత గోడ మీద మోపనివ్వకండి.

ఇక ఎత్తు సంగతి. అడుగున్నర లేపమన్న వారెవరూ మీ అత్తగారి మోకాలిని తలచుకోలేదు. చక్రాల కుర్చీ గాని, చేతికర్ర గాని సాగే వాలు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు. మీ పెరట్లో అంత పొడవు వాలు వేస్తే ఇక గది ఎక్కడ వేస్తారు? మెట్లు పెడితే ఆ గది ఆవిడకు పనికిరాదు. నీరు రెండో మెట్టు దాటలేదని మీరే రాశారు కనుక, ఆ గదికి పాత గచ్చు మట్టమే ఉంచమని నా సలహా. గడప కూడా వద్దు. రోడ్డు పెరగడానికి మందు గదిని లేపడంలో లేదు. వీధిలోంచి వచ్చిన నీరు మీ స్థలం దాటి ఎటు పోతుందో ముందు తేల్చుకోండి. పెరటి వెనక బోదె ఉందా? దాని అడుగు మీ పెరటికన్నా పల్లంలో ఉందా? ఏటిగట్టుకు లోపలి వైపున లంకల్లో ఉన్నవారికి మాత్రం ఈ సలహా వర్తించదు. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద వారి గోడల మీద ఎక్కడిదాకా వచ్చాయో, దానికి పైనే వారి గచ్చు ఉండాలి.

ఈ మట్టాలు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మేస్త్రి దగ్గర నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం ఉంటుంది. దానితో నాలుగు కొలతలు తీయించండి: రోడ్డు నడుమ, పాత గచ్చు, పెరటి నేల, బోదె అడుగు. ఆర్కిటెక్టుకు మీరివ్వగల అతి విలువైన కాగితం ఇదే.

రెండో కాగితం పాత ఇంటి నక్షా. పిల్లల గళ్ల లెక్కల పుస్తకంలో ఒక గడి ఒక అడుగుగా గీయండి. ప్రతి గదికీ నాలుగు గోడలే కాక రెండు కర్ణాలూ కొలవండి. పాత గదులు మూలమట్టానికి సరిగా ఉండవు, ఆ తేడా కర్ణంలో బయటపడుతుంది. గోడ మందం, కిటికీ అడుగు ఎత్తు, చూరు ఎత్తు రాయండి. బావి, చెట్లు, కరెంటు తీగ, పొరుగువారి కిటికీలు కూడా రాయండి. మీ లేఖలో సెప్టిక్ ట్యాంకు ప్రస్తావన లేదు. అది పెరట్లోనే ఉంటే, సరిగ్గా మీరు గది గీసిన చోటనే ఉందేమో చూడండి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే కొత్త గుంత మీ బావికీ, పొరుగువారి బావికీ అరవై అడుగులకు తగ్గకుండా ఉండాలి. మన నేలలో నీరు పైపైనే ఉంటుంది కనుక ఈ దూరం దగ్గర బేరం వద్దు.

మూడో కాగితంలో గది పేర్లు రాయకండి, పనులు రాయండి. రాత్రి రెండు గంటలకు మీ అత్తగారు లేస్తే మంచం నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులు? ఎవరికి వినిపిస్తుంది? కొబ్బరికాయలు ఎక్కడ ఒలుస్తారు, వడియాలు ఎక్కడ ఎండబెడతారు? పండక్కి వచ్చిన బంధువులు ఎక్కడ పడుకుంటారు? వంటింట్లో ఒకేసారి ఎందరు నిలబడతారు? వంటింటికి చోటు చాలడం లేదని రాశారు. చాలనిది నిలబడే చోటా, సామాను పెట్టే చోటా? రెండోదయితే గోడకు అరలు చాలు, కొత్త కట్టడం అక్కర్లేదు.

గాలి, ఎండ కూడా ఆ కాగితంలోనే. వేసవి సాయంత్రం దక్షిణం నుంచి పైరగాలి వస్తుంది, కనుక మంచం దగ్గరి కిటికీ అటే ఉండాలి. పడమటి గోడ మధ్యాహ్నం నుంచి కాలుతుంది, స్నానాలగదిని ఆ వైపుకు తోస్తే గదికి అడ్డుగా నిలుస్తుంది. చాలామంది మరిచే మాట ఒకటుంది. మన ప్రాంతంలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరాన ఉంటాడు. ఉత్తరపు కిటికీకి కూడా సన్‌షేడ్ కావాలి.

ఇవయ్యాక ముగ్గుపిండి తీసుకుని పెరట్లో గదిని నిజమైన కొలతలతో నేల మీద గీయండి. అందులో అత్తగారి మంచం వేయండి. స్నానాలగది తలుపు మూడడుగుల వెడల్పుతో గీసి, ఆవిణ్ణి చేతికర్రతో నడవమనండి. లోపల తిరగడానికి అయిదడుగుల ఖాళీ ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. పట్టుకునే కడ్డీ ఎక్కడ కావాలో ఆవిడ చెయ్యే చూపిస్తుంది. వాస్తు చూసే పెద్దలను శంకుస్థాపన నాడు కాక ఈ ముగ్గు నాడే పిలవండి. ముగ్గు చెరిపి మళ్లీ వేయవచ్చు, స్తంభాన్ని అలా కాదు.

సంక్రాంతి తర్వాత పునాది వద్దు. అప్పుడు దాళ్వా, అంటే రెండో పంట వరి, నీరు కాలువల్లో నిండుగా పారుతూ ఉంటుంది. మూడడుగులు తవ్వేసరికి గుంతలో ఊట వస్తుంది. దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక, అంటే వాటికి నీళ్లు ఆపేశాక తవ్వండి. మళ్లీ నీళ్లు వదిలేలోగా పునాది నేలమట్టం దాటాలి. జనవరి నుంచి మార్చి దాకా పైన చెప్పిన కాగితాలకూ, ముగ్గుకూ, అనుమతికీ సరిపోతుంది. స్థలం కాగితాలు ఇంకా మామగారి తండ్రి పేరిటే ఉంటే ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి, అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకునేది అదే.

మీ వారికీ మీకూ ఉన్న వాదన గురించి ఒక్క మాట. మేస్త్రికి మీ ఊరి మట్టి తెలుసు. అతన్ని ముగ్గు దగ్గరికి పిలవండి, ఆర్కిటెక్టు వచ్చిన రోజున పక్కనే ఉంచండి. కానీ పాత సున్నపు గోడ పక్కన పునాది లోతు ఎంత, ఇనుము ఎంత అన్నది లెక్క కట్టి సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. నమోదు సంఖ్య అడగండి, అడగడంలో మొహమాటం వద్దు. మీ కాగితాలు చేతికందగానే తన గీతలు మొదలుపెట్టేవారికన్నా, మీ వసారాలో కాసేపు కూర్చుని పెరటి వైపు చూసేవారిని ఎంచుకోండి.

ప్రశ్న: మాది నరసాపురం దిగువన సముద్రానికి దగ్గర. బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో శ్లాబు వేయవచ్చా?
– ఒక రైతు

జవాబు: వద్దండీ. ఉప్పులోని క్లోరైడు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి శ్లాబు అడుగు పెచ్చులుగా రాలుతుంది. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. ముందు ఒక సీసా నీరు పరీక్షకు ఇవ్వండి. తడపడానికి కూడా ఆ నీరు వాడకండి. ఇసుక నదిదే తెప్పించుకోండి, ఉప్పుటేరు ఇసుక వద్దు. పై జవాబులో కాలువలు కట్టేశాక పునాది తవ్వమన్నాను. మీకు మంచినీటికి కటకట వచ్చేదీ ఆ రోజుల్లోనే. కాలువ కట్టేసే ముందు వారమే పెరట్లో తాత్కాలికంగా ఒక తొట్టి కట్టించి కాలువ నీటితో నింపుకోండి. శ్లాబు రోజుకు ఎంత నీరు కావాలో, తర్వాత రెండు వారాలు తడపడానికి ఎంత కావాలో మేస్త్రితో లెక్క కట్టించి, తొట్టి కొలత దాన్ని బట్టి వేయించండి.